పాప చేతులు కడుగుడు ఆపుతలేదు, ఇల్లంత ఆగమైతుంది, ఎవరికి చూపియ్యాలె?

హన్మకొండ అమ్మ
(సోమవారం, రాత్రి 11:50)

అందరికి నమస్తే. వారం రోజుల సంది రాద్దామా వద్దా అని ఫోన్ పట్టుకునుడు, మళ్ళ పెట్టేసుడు అయితుంది, ఇయ్యాల పిల్లలు పండుకున్నంక రాస్తున్న. మా పాపకు 13 ఏండ్లు, ఎనిమిదో తరగతి. మా ఆయన సింగరేణిల, భూపాలపల్లి బొగ్గు బాయి మీద చేస్తడు, పిల్లల సదువు కోసం మేము హన్మకొండల కిరాయికుంటున్నం, ఆయన రెస్టు నాడు వచ్చి పోతడు. అత్తమ్మ మాతోనే ఉంటది. నేను ఇంట్ల బ్లౌజులు కుడతా.

దసరా ముందు మొదలైంది. ముందుగాల చేతులు ఎక్కువ కడుగుతుంటే అత్తమ్మ సంబురపడ్డది, ఈ కాలం పిల్లలకు ఇంత శుభ్రం ఎక్కడిది అని నలుగురికి చెప్పుకున్నది. సంక్రాంతి వచ్చేసరికి బాత్రూంల దూరితే గంట. స్కూల్ బ్యాగు గడప దాటి లోపలికి రావద్దు. తమ్ముడు ఎనిమిదేండ్లోడు, వాడు ఆడుకుని వస్తే తానం చెయ్యకుండ సోఫా ముట్టద్దు, ముడితే ఏడుపు, ఆ సోఫా కవర్లన్ని నేను అప్పటికప్పుడు ఉతకాలె. నా గిరాకీలోళ్ళు తెచ్చిన బట్టలు ఎవరెవరు వేసుకున్నయో అని మిషన్ మెట్ల కింద పెట్టించింది. ఇప్పుడు ఆడనే కూసోని కుడుతున్న. చేతుల తోలు పలిగి నెత్తురొస్తుంది, అయిన కడుగుతనే ఉంటది.

రోజుకు ఎన్నిసార్లు అడుగుతదో, అమ్మా నేను అది ముట్టుకున్ననా, ఏమన్న అయితదా అని. ఏం కాదు బిడ్డా అనాలె. అదే మాట, అట్లనే అనాలె, వేరే మాట అన్ననో మళ్ళ మొదటి నుంచి.

పోయిన నెల వాళ్ళ నాన్న వచ్చిండు. బాయి కాడ తానం చేసే వస్తడు కని గోర్ల సందుల, కండ్ల రెప్పల కాడ కొంచెం మసి ఉంటనే ఉంటది కదా, అందరికి ఉంటది. తల మీద చెయ్యి పెట్టబోయిండు, పిల్ల కెవ్వున ఒర్రి బాత్రూంల పోయి రెండు గంటలు రాలే. అప్పటి సంది ఆయన ఇంటికొస్తే బయట మంచం మీదనే కూసుంటుండు, బువ్వ కూడ అక్కడ్నే. ఏమనడు. ఆయన ఏమననందుకే నాకు మస్తు బాధైతుంది.

అత్తమ్మ గాలి సోకింది అంటది. ఈయన దవాఖానకు పోతే పిచ్చి అని పేరు పడ్తది, కాలనీల అందరికి తెలుస్తది, రేపు పిల్ల పెండ్లెట్ల అంటడు. ఓనరు నీళ్ళ మోటరు గురించి రెండుసార్లు అడిగిండు. మొన్న నేను ఆగలేక కొట్టిన పిల్లను. తడి చేతుల మీదనే కొట్టిన. అప్పటి సంది నాకు నిద్ర లేదు. ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి, ఎటు పోవాలె.


కాజీపేట నాన్న
(మంగళవారం, పొద్దున 6:15)

చెల్లె, నీ పోస్టు చదివి డ్యూటీకి పోకముందే రాస్తున్న. మా ఇంట్ల ఇదే నడిచింది, మా బాబుకు 12 ఉన్నప్పుడు. వానిది కడుగుడు కాదు, చూసుడు. గ్యాస్ బంద్ చేసిన్నా, తలుపు పెట్టిన్నా, గొళ్ళెం ఏడుసార్లు పట్టుకుని లెక్కపెట్టాలె, నడుమ ఎవరన్న మాట్లాడితే మళ్ళ ఒకటి నుంచి. మేము చాదస్తం అనుకున్నం, వాళ్ళ తాత లెక్కన వచ్చింది అనుకున్నం. దానికి ఓసీడీ అని పేరున్నదని, మనసుల భయం ఆగక చేసిందే చేసే జబ్బని రెండేండ్ల తర్వాత తెలిసింది. ఆ రెండేండ్లు నేను వాన్ని తిట్టుకుంట గడిపిన.

మేము పోయిన తొవ్వ నువ్వు పోవద్దని చెప్తున్న. ముందు కండ్ల డాక్టరు, తర్వాత నరాల డాక్టరు, ఒక ప్రైవేటు దవాఖానల ఒకాయన రెండు నిమిషాలు చూసి బెదిరియ్యుండ్రి తగ్గుతది అన్నడు, ఫీజు తీసుకున్నడు. ఆఖరికి వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక విభాగం ఓపీకి పోయినం. బయట బోర్డు చూసి మా ఇంటామె లోపలికి రానన్నది, అరగంట బండి కాడనే నిలబడ్డది. లోపలికి పోయినంక చూస్తే మాలాంటోళ్ళే, చీటీలు పట్టుకుని లైన్ల కూసున్నరు, నిద్ర పట్టనోళ్ళు, తలనొప్పులోళ్ళు, పరీక్షల భయం పిల్లలు. నువ్వు అనుకునేటట్టు ఏం ఉండదు. ఓపీ చీటీ రాయించుకుని పొద్దున్నే పో, ఉన్న మందులు అక్కడ్నే ఇస్తరు. చేతులు పలిగినయంటున్నవు కాబట్టి వాటికి కూడ పూతమందు రాయమను, ఆ నొప్పి వేరే.

బాబు ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం. గొళ్ళెం ఇప్పటికి రెండుసార్లు చూస్తడు. రెండుసార్లే.


నర్సంపేట పెద్దమ్మ
(మంగళవారం, పొద్దున 9:30)

బిడ్డా మీ అత్తమ్మ మాట తీసెయ్యకు. పెద్దోళ్ళు భయంతోని అంటరు. ఐలోని మల్లన్నకు మొక్కుకో, పిల్లను తోలుకపోయి ముడుపు కట్టు, పట్నం వేపియ్యి. నేను మొక్కే నా బిడ్డను దక్కించుకున్న. కని దవాఖానకు పోవద్దని నేను అనను, రెండు చెయ్యి. ఒక్కటి మాత్రం చెప్తా, ఎవడో గాలి తీస్తా అని పిల్లను కొడతా, పొగ పెడతా, ఉపాసం ఉంచుతా అంటే ఆ గడప తొక్కకు. మా ఊర్ల ఒక పిల్లను అట్లనే చేసి ఆగం చేసిండ్రు, నేను కండ్లార చూసిన.


పరకాల టీచర్
(మంగళవారం, సాయంత్రం 5:40)

అమ్మా, నేను 19 ఏండ్ల నుంచి హైస్కూల్ల చెప్తున్న. మీ పాప స్కూల్ల ఎట్లుంటుందో మీరు రాయలేదు కాబట్టి నేను చూసింది చెప్తా. ఇట్లాంటి పిల్లలు క్లాసుల చాలా బుద్ధిమంతులు లెక్క కనపడతరు. అల్లరి చెయ్యరు, కాబట్టి మా కండ్ల పడరు. ఒక అమ్మాయి ఒకే లైను రాసి తుడిచి, రాసి తుడిచి కాగితం చిరిగేదాక రాసేది, పరీక్షల సగం పేపరు ఖాళీ. నేను స్లో అని రిపోర్టుల రాసిన. ఆ రిపోర్టు ఇప్పటికి నన్ను పొడుస్తది. మధ్యాహ్నం అన్నం తినది, నీళ్ళు తాగది, ఎందుకంటే తాగితే స్కూల్ బాత్రూంకు పోవాలె. మీ పాపను ఒకసారి అడగండి, పొద్దున నుంచి సాయంత్రం దాక నీళ్ళు తాగుతుందా అని.

క్లాస్ టీచరుకు చెప్పండి, అందరి ముందు వద్దు, ఒక్కరికి. పాపకు ఇట్ల ఇబ్బంది ఉంది, చూపిస్తున్నం, చేతుల గురించి ఎవరు ఎగతాళి చెయ్యకుండ చూడుండ్రి అని చాలు. మీ ఒక్కరి ఇల్లే అనుకోకండి. 2015-16ల బెంగళూరు నిమ్హాన్స్ మానసిక దవాఖాన వాళ్ళు చేసిన జాతీయ సర్వేల 13 నుంచి 17 ఏండ్ల పిల్లల్ల నూటికి 7 మందికి పైనే ఏదో ఒక మానసిక సమస్య ఉన్నదని తేలింది. అంటే 45 మంది ఉన్న నా క్లాసుల ముగ్గురు. నేను అటెండెన్సు తీసుకునేటప్పుడు ఇప్పుడు ఆ ముగ్గురు ఎవరా అని చూస్త.


మంచిర్యాల 22
(మంగళవారం, రాత్రి 10:20)

ఆంటీ, నాకు 22, నాకు ఇదే ఉండేది, ఇంకా కొంచెం ఉంది. లోపలి నుంచి ఎట్లుంటదో చెప్తా, ఎందుకంటే నేను చిన్నగున్నప్పుడు మా అమ్మకు చెప్పరాలే.

అందరు అనుకునేది మురికి అంటే అసహ్యం అని. నాకు అసహ్యం కాదు, భయం. చేతులు కడగకపోతే అమ్మకు ఏమన్న అయితది, నా వల్లనే అయితది అని మనసుల ఒక మాట, ఆపుదామంటే ఆగది. అది తప్పని నాకు తెలుసు, కడిగితే అమ్మకు ఏం సంబంధం అని నేనే అనుకునేదాన్ని, కని కడగకపోతే గుండె దడదడ. కడిగితే రెండు నిమిషాలు నిమ్మళం, మళ్ళ మొదలు. పిచ్చిదాన్ని అంటరని ఎవరికి చెప్పలే, ఆరు నెలలు చెప్పలే. మీరు కొట్టిన్రని బాధపడుతున్రు కదా, మా అమ్మ కూడ కొట్టింది, నాకు దెబ్బ గుర్తు లేదు ఆంటీ, ఆ తర్వాత చేతులకు కొబ్బరినూనె రాసింది గుర్తుంది.

ఒక్కసారి అడగండి, కడుగుడు ఎందుకు అని కాదు, కడగకపోతే ఏమైతదని భయం బిడ్డా అని. మెల్లగ అడగండి. వెంటనే చెప్పకపోవచ్చు.


హుజూరాబాద్ అన్న
(బుధవారం, పొద్దున 8:05)

అందరు దవాఖాన దవాఖాన అంటున్నరు, నేను వేరే చెప్తా ఏమనుకోకుండ్రి. మా తమ్మునికి ఈ మందులు వాడిపిచ్చినం, పొద్దంత పండుకునే ఉండేది, మనిషి మనిషి లెక్క లేకుండె. ఆడపిల్ల, 13 ఏండ్లకే గోలీలు అలవాటు చేస్తే జీవితాంతం వాడాలె. ఊరికి పంపియ్యుండ్రి, పొలం కాడ మట్టిల తిరిగితే అదే పోతది.


సైకియాట్రీ పీజీ, వరంగల్
(బుధవారం, రాత్రి 9:15)

చదువుకుంటున్న డాక్టరును, పాపను చూడకుండా ఇది ఫలానా జబ్బు అని నేను చెప్పను, చూపించుకోవాల్సిందే. కానీ హుజూరాబాద్ అన్న రాసినదానికి జవాబు ఇవ్వాలి, ఎందుకంటే ప్రతి ఓపీల ప్రతి తల్లి ఇదే అడుగుతది.

అన్నా, మీ తమ్ముడికి ఏ జబ్బుకు ఏ మందు ఇచ్చిండ్రో నాకు తెలియదు. మానసిక మందులన్నీ ఒకటే కాదు. నిద్ర గోలీలల్ల కొన్ని అలవాటయ్యేవి ఉన్నయి, నిజమే, అందుకే వాటిని ఎక్కువ రోజులు ఇవ్వం. ఓసీడీకి పిల్లలకు మామూలుగా ఇచ్చేవి సెర్ట్రలిన్, ఫ్లూఆక్సిటిన్ లాంటివి. వీటికి మత్తు కోసం వెంపర్లాడే అలవాటు ఉండదు. అయితే మన ఇష్టం వచ్చినట్టు ఒక్కసారిగా ఆపొద్దు, ఆపితే తల తిరుగుడు, చిరాకు వస్తయి, డాక్టరే మెల్లగా తగ్గిస్తరు. గుణం కనిపించడానికి 8 నుంచి 12 వారాలు పడుతది. చాలామంది మూడో వారంలనే పనిచేస్తలేదని మానేస్తరు. మొదటి వారాలల్ల పిల్లల మీద ఒక కన్ను వేసి ఉంచాలె, కాలు నిలవకపోవుడు, చిరాకు పెరుగుడు, బతుకొద్దనే మాటలు వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలె. గోలీలు పెద్దోళ్ళ చేతిలనే ఉండాలె.

మందు కంటే ముందు చెప్పాల్సింది థెరపీ గురించి. ఈఆర్పీ అంటరు. భయపడే పనులన్నీ ఒక నిచ్చెన లెక్క రాస్తరు, అన్నిటికంటే చిన్న భయం కింది మెట్టు. ఆ మెట్టు ఎక్కి, కడగకుండా, ఆ దడ దానంతట అది తగ్గేదాక ఉండుడు. తగ్గుతది. అది తగ్గుతదని పిల్ల తన ఒంటితోనే నేర్చుకోవాలె, మనం చెప్తే రాదు. పొలం మట్టిల ఒకేసారి దింపుడు అంటే అన్నా, నిచ్చెన లేకుండా మిద్దె మీదకు ఎగురమన్నట్టు. 2004ల అమెరికాల 112 మంది పిల్లలతో ఒక స్టడీ చేసిండ్రు, 7 నుంచి 17 ఏండ్ల వాళ్ళు, 12 వారాలు. థెరపీ, సెర్ట్రలిన్ రెండూ కలిపినోళ్ళల్ల నూటికి 54 మందికి జబ్బు దాదాపు పోయింది. థెరపీ ఒక్కటే అయితే 39, మందు ఒక్కటే అయితే 21, మందు లేని ఉత్త గోలీకి 4.

అమ్మా, మీ ఆయన భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ పాప వివరాలు గుట్టుగ ఉంచాల్సిన బాధ్యత దవాఖానది. రాత్రి పూట ఎవరితోనన్నా మాట్లాడాలంటే టెలీ మానస్ అని సర్కారు ఫోన్ లైను ఉంది, 14416, ఫ్రీ, 24 గంటలు, తెలుగులనే మాట్లాడతరు. పేరు చెప్పకున్నా వింటరు. పాప ఎప్పుడన్నా చచ్చిపోతే బాగుండు అంటే మాత్రం ఓపీ రోజు కోసం చూడొద్దు, అదే రోజు, అదే గంట తీసుకపోండి.


హుజూరాబాద్ అన్న
(బుధవారం, రాత్రి 10:40)

డాక్టర్ గారు, మా తమ్ముని చీటీ ఇంకా బీరువాల ఉంది, రేపు తీసి చూస్త. ఆడపిల్ల అని నేను అన్న మాట వెనకకు తీసుకుంటున్న, చెల్లె ఏమనుకోకు.


జమ్మికుంట తమ్ముడు
(గురువారం, మధ్యాహ్నం 1:30)

ఒక మాట అక్కా. ఇక్కడ అందరు పాప గురించే రాస్తున్నరు. మీ చిన్నోడు. నేను అట్లాంటి చిన్నోన్ని. మా అన్నకు బాగలేకుండె నాలుగేండ్లు, ఇంట్ల టీవీ సౌండు కూడ అన్న మూడ్ చూసి పెట్టేటోళ్ళు. నేను ఐదో తరగతిల జిల్లా ఖోఖోకు సెలెక్టైన అని మా అమ్మకు మూడు రోజుల తర్వాత చెప్పిన, ఎందుకంటే ఆ మూడు రోజులు చెప్పే టైం దొరకలే. అమ్మ మీద కోపం లేదు నాకు. కని నన్ను ఎవరన్న ఒక్కసారి బయటికి తీస్కపోయి, నీకెట్లుందిరా అని అడిగితే బాగుండు అనిపిచ్చేది. అక్కకు ఏమైందో వానికి చెప్పుండ్రి, వాడు వాని వల్లనే అయిందని అనుకుంటుండొచ్చు. రోజుకు ఇరవై సార్లు ముట్టకు అంటే ఎనిమిదేండ్లోడు వాడే మురికి అనుకుంటడు.


హన్మకొండ అమ్మ
(శుక్రవారం, రాత్రి 12:30)

అందరి మాటలు చదివిన, కొన్ని మా ఆయనకు ఫోన్ల చదివి వినిపిచ్చిన. చాలా రాయాలె.

మంచిర్యాల బిడ్డా, నువ్వు చెప్పినట్టు అడిగిన. కరెంటు పోయింది నిన్న రాత్రి, మేమిద్దరం చీకట్ల వాకిట్ల కూసున్నం, అప్పుడడిగిన, కడగకపోతే ఏమైతదని భయం బిడ్డా అని. చాలాసేపు మాట్లాడలే. తర్వాత చెప్పింది. దసరా ముందు వాళ్ళ నాన్న తోటి పనిచేసే ఒకాయనకు బాయిల దెబ్బ తాకింది, ఇంటికొచ్చి మేము మాట్లాడుకుంటుంటే విన్నదంట. అప్పటి సంది నాన్న మసి తన మీదుంటే నాన్న మళ్ళ బాయిలకెళ్ళి పైకి రాడు అని మనసుల మాట. అందుకే నాన్నను ముట్టుకోనియ్యలే. నాన్న బతకాలని కడుగుతుందట. నేను ఇన్ని రోజులు అది నాన్నను అసహ్యించుకుంటుందనుకున్న. ఆయన కూడ అదే అనుకున్నడు.

ఆయనకు ఫోన్ చేసి చెప్పిన. సెకండ్ షిఫ్టు దిగి వచ్చినట్టుండు, చాలాసేపు ఏం మాట్లాడలే, తర్వాత రేపు వస్తున్న అన్నడు. లీవు పెట్టిండు.

14416కు కూడ చేసిన, ఆ రాత్రే. ఒకామె మాట్లాడింది. నేను పాప గురించి చెప్పుకుంట చెప్పుకుంట ఏడ్చిన, ఆమె ఆగి, అమ్మా మీరు అన్నం తిన్నరా అని అడిగింది. ఎవరు అడిగి ఎన్ని రోజులైందో. రేపు ఎంజీఎంకు పోతున్నం, నలుగురం. టీచరమ్మా, మీరన్నది నిజమే, స్కూల్ల నీళ్ళు తాగుతలేదంట, దసరా నుంచి.


కాజీపేట నాన్న
(శనివారం, పొద్దున 5:50)

చెల్లె మంచిగ పోయి రాండ్రి. ఒక్కటి యాది పెట్టుకో, నువ్వు ఏం కాదు బిడ్డా అంటున్నవు కదా రోజుకు యాభై సార్లు, ఆ సోఫా కవర్లు ఉతుకుతున్నవు కదా, అది కూడ జబ్బుల భాగమే అయితదని మాకు చెప్పిండ్రు. ప్రేమతోనే చేస్తం, కని దానికి మేత వేసినట్టు అయితది. మేము కూడ గొళ్ళెం నేను చూసిన్రా, నువ్వు పండుకో అనేటోళ్ళం. అట్లని ఒక్కనాడే బంద్ చెయ్యకు, బాబు గోడకు తల కొట్టుకున్నడు మేము అట్ల చేస్తే. థెరపిస్టు మేడం, బాబు, మేము కూసోని మాట్లాడుకున్నం, ఈ వారం ఐదుసార్లే చెప్తం, వచ్చే వారం మూడు. బాబే ఒప్పుకున్నడు. అప్పుడు అడిగితే, ఇది ఓసీడీ అడుగుతుంది, నువ్వు కాదు, నీకు కష్టమైతుంది తెలుసు, నేను పక్కనే ఉంట అనేటోళ్ళం. మా ఇంటామెకు అది అనుడు చెయ్యి నరుక్కున్నట్టు ఉండేది. మీ అత్తమ్మకు కూడ ఇది చెప్పాలె, లేకపోతే నువ్వు ఆపితే ఆమె మొదలుపెడ్తది, మా అమ్మ అట్లనే చేసింది.


హన్మకొండ అమ్మ
(పదకొండు వారాల తర్వాత)

ఇన్ని రోజులు రాయలే, మాఫ్ చెయ్యుండ్రి. ఓసీడీనే అన్నరు. గోలీ మొదలుపెట్టిండ్రు, వారానికొకసారి కూసోబెట్టి మాట్లాడతరు. నిచ్చెన పాపే రాసుకున్నది, పది మెట్లు, గోడకు అతికించింది. కింది మెట్టు తమ్ముని పెన్సిల్ ముట్టుకుని పది నిమిషాలు కడగకుండ ఉండుడు. అన్నిటికంటె పై మెట్టు నాన్న చెయ్యి పట్టుకునుడు.

మొదటి నెల మస్తు కష్టమైంది, అబద్ధం ఎందుకు. కడుపుల తిప్పుడు, చిరాకు, నా మీద ఒర్రుడు, నాకు నువ్వే శత్రువు అన్నది ఒకనాడు. నేను బాత్రూంల పోయి ఏడ్చిన. ఐదో మెట్టు కాడ మూడు వారాలు ఆగిపోయింది, పరీక్షలప్పుడు మళ్ళ రెండు మెట్లు కిందికొచ్చింది. మేడం అట్లనే అయితది అన్నది. అత్తమ్మ కూడ ఒకసారి వచ్చింది మాతోని, మేడం ఆమెకు చెప్తుంటే విని, నేనే శుభ్రం శుభ్రం అని ఎగేసిన్నా అమ్మా అని అడిగింది. మీ వల్ల కాదు అని చెప్పిండ్రు. ఐలోనికి కూడ పోయొచ్చినం పెద్దమ్మా, ముడుపు కట్టినం, పాప మెట్ల మీద అందరితో పాటు కూసున్నది.

చిన్నోని పని వాళ్ళ నాన్న పట్టుకున్నడు. రెస్టు నాడు వాన్ని ఒక్కన్నే వడ్డేపల్లి చెరువు కట్ట మీదకు తీస్కపోతుండు. ఏం మాట్లాడుకుంటరో నాకు చెప్పరు.

మిషన్ లోపలికొచ్చింది. చేతులు మానుతున్నయి. ఇప్పుడు ఎనిమిదో మెట్టు, నాన్న వేసుకున్న అంగీ మడతపెట్టుడు. పోయిన రెస్టుకు ఆయన లోపల్నే కూసున్నడు, గడప పక్కన కుర్చీ వేసుకుని. పాప గ్లాసుల నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. తర్వాత పోయి చేతులు కడుక్కున్నది, నేను లెక్కపెట్టిన, ఒక్కసారే.


జనగామ కొత్త సభ్యురాలు
(అదే రోజు, రాత్రి 11:10)

అక్కా మొత్తం చదివిన. మా బాబుకు 10 ఏండ్లు, మూడు నెలల సంది స్కూలుకు పోనంటుండు, పొద్దునైతే కడుపునొప్పి, స్కానింగుల ఏం లేదన్నరు, ఆదివారం నొప్పి రాదు. మా ఇంటాయన నాటకాలు అంటుండు. ఇది కూడ అక్కడ చూస్తరా?


హన్మకొండ అమ్మ
(అదే రోజు, రాత్రి 11:25)

చూస్తరు చెల్లె. నాటకం కాదు, మా లైన్ల ఇట్లాంటి బాబు ఒకడు వచ్చేది, వాళ్ళమ్మ కూడ ఇదే చెప్పేది. స్కానింగు కాగితాలు అన్ని పట్టుకుని రా, ఏ రోజు నొప్పి వచ్చిందో ఏ రోజు రాలేదో క్యాలెండర్ల రాసి పెట్టు, అడుగుతరు. పొద్దున బస్సుకే ఎక్కు. మేము బుధవారం అక్కడ్నే ఉంటం, ఒక్కదానివే వచ్చినా సరే, నేను పక్కన కూసుంట.